ఖాళీ దండెం

ఫిబ్రవరి 6

చిరంజీవి గుండీకి,

నాన్న దీవెనలు. “మా గుండీకి కాజా పుట్టింది” అని షాపులో అందరికీ చెప్పాను. కాజాలు కుట్టే ముసలాయనైతే తన పేరే పెట్టారని మురిసిపోయాడు. చిన్నప్పుడు నా చొక్కా గుండీ మింగి మీ అమ్మనీ నన్నూ హడలగొట్టినందుకు నీకా పేరు వచ్చింది. నీ కూతురికి మాత్రం ఏ పాపమూ చెయ్యకుండానే వచ్చింది. మీకు నచ్చిన పేరు మీరు పెట్టుకోండి, నాకు మాత్రం అది కాజానే.

ఈ ఉత్తరంతో పాటు ఒక మూట పంపుతున్నాను. అందులో రెండు డజన్ల గుడ్డలున్నాయి. అన్నీ మీ అమ్మ నూలు చీరలే. కొత్త బట్ట పసిపిల్లల ఒంటికి పనికిరాదు, ఎన్నో ఉతుకులు చూసిన బట్టయితేనే మెత్తగా ఉంటుంది. మిషను కుట్టు తొడల దగ్గర ఒరుసుకుంటుందని అంచులన్నీ చేత్తోనే కుట్టాను. నడుముకి నాడాలు పెట్టాను, పిన్నీసులు దగ్గరకు రానియ్యకు. ప్రతి గుడ్డకీ ఒక మూల ఎర్రదారం కుట్టు కనిపిస్తుంది. మీ డాబా మీద కింది ఇంటివాళ్ళ దండెం కూడా ఉందన్నావు కదా, బట్టలు కలిసిపోకుండా అది గుర్తు. మనం వరుస ఇళ్ళలో ఉన్నప్పుడు ఇంటికో రంగు దారం ఉండేది.

అల్లుడుగారు డైపర్ల పెట్టెలు తెచ్చి గోడవారన పేర్చారటగా. ప్రయాణాలకి పనికొస్తాయి, కాదనను. ఇంట్లో మాత్రం గుడ్డే కట్టు. గుడ్డ తడిస్తే పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే తల్లి వస్తుంది. ఆ డైపరు కట్టిన పిల్ల తడిలో పడుకుని కూడా మహారాణిలా నవ్వుతుంటుంది, తల్లి ఎక్కడో ఉంటుంది. ఉతకడానికి బద్ధకమైతే చెప్పు, నేనే వచ్చి ఉతుకుతాను. మార్చి నెలాఖరుకి బడి యూనిఫారాలు అయిపోవాలి కాబట్టి ఇప్పుడు కదల్లేను. ఏప్రిల్లో వస్తాను.

ఫోన్ చెయ్యకు. మిషన్ల మోతలో పోయిన చెవులు నావి, నువ్వు ఒకటంటే నేను ఇంకొకటి వింటాను. ఉత్తరం రాయి.

మీ నాన్న

ఫిబ్రవరి 15

నాన్నకి,

మూట అందింది. విప్పగానే అమ్మ బీరువా వాసన వచ్చి కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. నీ మనవరాలికి అలాంటి బాధలేవీ లేవు. కట్టిన నిమిషంలోనే ప్రారంభోత్సవం చేసేసింది.

మీ అల్లుడు మొదటిసారి కట్టినప్పుడు నాడా ఎంత వదులుగా ముడేశారంటే, పిల్ల చేతుల్లోకి వచ్చింది కానీ గుడ్డ పరుపు మీదే ఉండిపోయింది. అంత పెద్ద బస్సు నడిపే మనిషికి ఇంత చిన్న ముడి రాలేదు. ఇప్పుడు నాకన్నా బాగా కడుతున్నారు. పెట్టెలు గోడవారనే ఉన్నాయి, వాటి మీద నా కళ్ళజోడూ మందుసీసాలూ పెట్టుకుంటున్నాను. ఇక్కడ నీళ్ళకి లోటు లేదు, డాబా మీద కూడా కుళాయి ఉంది. పొద్దున్నే ఉతికి ఆరేస్తే మధ్యాహ్నానికి గలగలలాడుతూ ఆరిపోతున్నాయి.

నీతో ఒక పని పడింది. కింది ఇంటావిడకి ఈ నెలాఖరుకి పురుడు. నాకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. కడుపులతో ఉన్నప్పుడు ఇద్దరం బకెట్లు మోసుకుంటూ డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర కూర్చుని ఆయాసం తీర్చుకునేవాళ్ళం. మా దండేలు రెండూ పక్కపక్కనే. ఎవరి దండెం ముందు నిండుతుందో చూద్దాం అనేది. నాదే ముందు నిండింది. నిన్న నీ గుడ్డ ఒకటి తీసి చెంపకి ఆనించుకుని “మీ నాన్నగారు నాకూ కుట్టిపెడతారా అక్కా?” అని అడిగింది. ఆమెకి కుట్టిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఏ రంగు దారం కావాలంటే నీలం అంది. నీకు పని ఎక్కువని తెలుసు, అయినా సరేనని మాటిచ్చేశాను.

కళ్ళజోడు మార్చుకున్నావా? కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కూతురుండి పాత అద్దాలతో కుట్టుపని చేస్తే నలుగురిలో నా పరువు పోతుంది.

గుండీ

ఫిబ్రవరి 24

గుండీకి,

ఏ నీలమో అడగలేదు నువ్వు. ఆకాశం నీలమా, సిరా నీలమా? నేనైతే సిరా నీలమే పెడుతున్నాను, ఎన్ని ఉతుకులైనా వెలిసిపోదు. మీ అమ్మవి ఇంకా నాలుగు చీరలున్నాయి. బీరువాలో మడతల దగ్గర చిరిగిపోవడం కన్నా ఒక బిడ్డ ఒంటిమీద చిరగడం నయం.

నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. బిగుతైందనో వదులైందనో చెప్పడానికే వస్తారు మనుషులు. నేను కుట్టిన గుడ్డని ఒకరు చెంపకి ఆనించుకున్నారని వినడం ఇదే మొదటిసారి. ఆవిడతో చెప్పు, బిడ్డ ఇంటికొచ్చేసరికి మూట సిద్ధంగా ఉంటుంది. షాపులో పని ముగిసాక రోజూ రెండు మూడు కుడుతున్నాను, సగానికి పైగా అయ్యాయి. పుట్టగానే రాయి.

కాజా నిద్రలో నవ్వుతోందా? అదృష్టవంతురాలు, యూనిఫారాల గొడవ లేదు.

నాన్న

మార్చి 5

నాన్నకి,

కింది ఇంటావిడకి కుడుతున్నావు కదా, ఇక ఆపెయ్యి. ఆమెకి అవసరం లేదు. నీకు అనవసరంగా శ్రమ ఇచ్చాను.

మేం కూడా ఇప్పుడు డైపర్లే వాడుతున్నాం. నీళ్ళకి ఇబ్బందిగా ఉంది. కాజా బాగుంది.

ఉంటాను.

గుండీ

మార్చి 14

చిరంజీవి గుండీకి,

నీ ఉత్తరం చూసి వెనక పేజీలో ఇంకేమైనా రాశావేమోనని తిప్పి చూశాను. ఏమీ లేదు.

నీళ్ళకి లోటు లేదని, డాబా మీద కూడా కుళాయి ఉందని మొన్ననే రాశావు. ఇరవై రోజుల్లో అంత కరువెలా వచ్చింది? ఆవిడకి అవసరం లేదంటే ఏమిటి అర్థం? ఎవరైనా బజారు సరుకు తెచ్చిచ్చారా? నీ దగ్గర ఉన్నవి చూసి ఆవిడ మనసు మార్చుకుందా? కుట్టులో లోపముంటే నాతో చెప్పొచ్చు. ముతక కుట్టు కుట్టానేమోనని నీలిదారం గుడ్డ ఒకటి తీసి నా మెడ మీద రుద్దుకుని చూశాను. నా మెడ చర్మం మందమైపోయింది, దాని మాట నమ్మడానికి లేదు. కాజాలు కుట్టే ఆయన్ని కూడా చూడమన్నాను. బాగానే ఉందన్నాడు, ఆయనకి చూపు ఆనదు.

నేనేమీ అనుకోవడం లేదు. నువ్వు సుఖంగా ఉంటే చాలు.

నాన్న

మార్చి 25

నాన్నకి,

నువ్వేమీ అనుకోవడం లేదని రాస్తే చాలా అనుకుంటున్నావని నాకు తెలుసు.

కుట్టులో ఏ లోపమూ లేదు. కాజాకి తొడల దగ్గర కాస్త కందింది, అందుకే ఆపాను. పైగా వచ్చే నెలలో నేను షాపులో చేరాలి. మధ్యాహ్నం దాకా పిల్లని ఇంటి ఓనరావిడ చూస్తానంది, ఆమె చేత గుడ్డలు ఉతికించలేను కదా. నీవన్నీ భద్రంగా మడిచి పెట్టాను. చెయ్యి కాస్త ఖాళీ అయ్యాక మళ్ళీ తీస్తాను.

ఏప్రిల్లో వస్తానన్నావు. ఏ రోజు బయల్దేరుతున్నావో రాయి, మీ అల్లుడు స్టాండులోనే ఉండి తీసుకొస్తారు. నువ్వొస్తే బాగుంటుంది నాన్నా. ఈ మధ్య నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

గుండీ

ఏప్రిల్ 6

చిరంజీవి గుండీకి,

మీ మామయ్య సరుకుల పని మీద మీ ఊరొచ్చి, మీ ఇంట్లో భోంచేసి, నిన్న ఇటు వచ్చాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. పిల్ల ఒళ్ళు పండులా ఉందని, ఎక్కడా చిన్న ఎర్రమచ్చ కూడా లేదని చెప్పాడు. స్నానానికి డాబా మీదకి వెళ్తే కుళాయి ధారగా వస్తోందట. దండెం మీద ఒక్క గుడ్డ లేదట. మీ అమ్మ చీరల మూట బీరువా మీద రెండు పెట్టెల కింద ఉందట. మీ అమ్మ చీరలు నాకు తెలుసు, అతనికీ తెలుసు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అంటారు. టైలరు కూతురివి, నీకు అతకడం కూడా రాలేదు.

గుడ్డలు కట్టకపోతే కట్టకు. నీ బిడ్డ నీ ఇష్టం. అల్లుడుగారివైపు వాళ్ళు పాత గుడ్డలేమిటని నవ్వారా? అదే రాస్తే సరిపోయేది. మీ అమ్మ కట్టి విడిచినవి నీ బిడ్డకి కట్టడం నామోషీ అనిపించిందా? అదైనా రాయాల్సింది, రెండు రోజులు బాధపడి ఊరుకునేవాణ్ణి. నాతో అబద్ధం చెప్పాల్సిన అవసరం నీకు ఎందుకొచ్చిందో అది మాత్రం తెలియడం లేదు.

ఇప్పుడు రాలేను. వస్తే ముందు నా కళ్ళు డాబా మీదకే పోతాయి. తర్వాత చూద్దాం.

నాన్న

ఏప్రిల్ 13

నాన్నకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు అనుకున్నవేవీ కాదు. అమ్మ చీరలు నామోషీ అనే మాట ఎలా రాశావు నాన్నా? ఇక దాచలేను. ఇది ఎవరికైనా చెప్పకుండా దాచాలనుకున్నానంటే అది నీకే. అందుకే ఇంత గందరగోళమైంది.

కింది ఇంటావిడకి పాపే పుట్టింది. ఊపిరి సరిగ్గా అందలేదట, రెండో రోజే పోయింది. వాళ్ళు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పొద్దున నేను డాబా మీద గుడ్డలు ఆరేస్తున్నాను. దండెం ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. ఆమెకి ఆయాసం తీరకముందే ఏం తోచిందో, బకెట్ పట్టుకుని పైకి వచ్చింది. బకెట్లో తన రవికె ఒక్కటే ఉంది. నా దండెం వైపు చూసింది. గాలికి గుడ్డలు ఊగుతున్నాయి. ఆ రవికె ఆరేసి, క్లిప్పు పెట్టి, కిందికి వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగగానే గుడ్డలన్నీ తడివి తడిగానే లాగేశాను. ఆ రోజు నుంచి పిల్లకి సంబంధించింది ఏదీ డాబా మీద పెట్టలేదు. డైపర్లే కట్టాను. వాడినవి పాత పేపర్లో చుట్టి, ఆమెకి కనపడకుండా సంచిలో పెట్టి వీధి చివర తొట్టిదాకా తీసుకెళ్తున్నాను. వాళ్ళ గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాజా ఏడిస్తే గుండెకి అదిమి ఊరుకోబెడతాను. ఆమె చెవిన పడితే ప్రాణం ఎలా ఉంటుందో అని. పండులాంటి పిల్లని ఎత్తుకుని దొంగలా తిరుగుతున్నాను.

ఎంత దాచినా లాభం లేదు. ఆమె డాబా మీదకి రావడం మానేసింది. బట్టలు ఇంట్లోనే కిటికీకి ఆరేసుకుంటోంది. మెట్ల దగ్గర ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడుతుంది, మేం దాటేదాకా ఇటు తిరగదు. మమ్మల్ని చూస్తే భరించలేకపోతోందని అర్థమైంది. ఇల్లు మారిపోదామా అని మీ అల్లుడితో కూడా అన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, అన్నయ్య వల్ల. నాకన్నా ముందు ఒక అన్నయ్య పుట్టి పోయాడని నాకు తెలుసని మీ ఇద్దరికీ తెలుసు. అయినా మన ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎప్పుడైనా ఎత్తబోతే అమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేది, నువ్వు మిషను తొక్కేవాడివి. అంత సంబరంగా నీలిదారం ఎక్కించుకుని కూర్చున్న నీకు, ఆ బిడ్డ లేదు, ఆపెయ్యి అని ఎలా రాయను? మానిన పుండు కెలకడమెందుకని నీళ్ళ మీదా, పిల్ల తొడల మీదా, షాపు మీదా వంక పెట్టాను.

తిట్టు, పడతాను. రాను అని మాత్రం అనకు.

గుండీ

ఏప్రిల్ 22

అమ్మా గుండీ,

తిట్టను. ఆ ఉత్తరం రాసినందుకు నాకే సిగ్గుగా ఉంది.

మానిన పుండు అన్నావు. అది మానలేదు, మేం దాని మీద బట్ట కప్పాం అంతే. నీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పాక నువ్వొక పని చెయ్యాలి, ఆలస్యం చెయ్యకుండా.

నీ అన్నయ్య నెల కూడా బతకలేదు. అప్పుడు మనం వరుస ఇళ్ళలో ఉన్నాం. మధ్యలో అందరికీ ఒకటే వాకిలి, ఒకటే కుళాయి, అడ్డదిడ్డంగా దండేలు. ఆ ఏడాది ఆ వరుసలో నలుగురైదుగురు పసిపిల్లలున్నారు. పొద్దున లేస్తే వాకిలంతా పిల్లల గుడ్డలే, తల వంచుకుని నడవాలి. వాడు పోయిన మర్నాడు తలుపు తీస్తే ఒక్క గుడ్డ లేదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదట, ఎవరికి వాళ్ళే తీసేశారు. ఇళ్ళలో, మంచాల కోళ్ళ మీద ఆరేసుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుని వెనక దారిన తిరిగారు. నువ్విప్పుడు చేస్తున్నదే చేశారు.

మీ అమ్మ ఆ ఖాళీ దండేల వైపు చూసి నాతో ఏమందో తెలుసా? “నా కన్ను మంచిది కాదనుకుంటున్నారు” అంది.

కాదే, జాలితో తీశారు అని ఎంత చెప్పినా వినలేదు. “జాలైతే వచ్చి ఒక మాట అంటారు. భయమైతేనే దాస్తారు” అంది. ఆ తర్వాత కుళాయి దగ్గరికి ఎవరైనా పిల్లని ఎత్తుకొస్తే గోడవైపు తిరిగి నిలబడేది. చూడలేక కాదమ్మా. తన చూపు ఆ బిడ్డకి తగలకూడదని. వాళ్ళ పిల్లల్ని తను కాపాడుతున్నానని అనుకునేది. నువ్వు పుట్టేదాకా మూడేళ్ళు ఎవరూ ఆమె ఒళ్ళో బిడ్డని పెట్టలేదు. ఆమె అడగలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పక్కింటావిడ ఏడుస్తూ, నీ బాధ చూడలేకే అలా చేశామని చెప్పింది. మీ అమ్మ తలూపింది కానీ నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదని నాకు తెలుసు.

మీ మెట్ల దగ్గర గోడవైపు తిరిగే పిల్ల నిన్ను భరించలేక తిరగడం లేదు. నీ కాజాని తన చూపు నుంచి దాస్తోంది. నువ్వు గుడ్డలు తీసేసినప్పుడు ఆమెకి ఏం అర్థమైందో చూడు.

మూట దించు. ఉతికి ఆరెయ్యి. ఆ పిల్లకి ఏడుపొస్తే రానీ, ఏడవడానికి కారణం ఉంది కదా ఆమెకి. తనని చూసి భయపడే మనిషి లేరని తెలియాలి. వెళ్ళు, ఈ ఉత్తరం మడిచి పెట్టి వెళ్ళు.

నాన్న

మే 4

నాన్నకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు కాజాకి జ్వరం. తగ్గేదాకా దాని పక్కనుంచి లేవలేకపోయాను. మొన్న పొద్దున మూట దించి గుడ్డలన్నీ ఉతికి ఆరేశాను. ఎర్రదారం మూలలన్నీ ఒకేవైపు వచ్చేలా ఆరేశాను, నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి. పక్క దండెం మీద ఆమె పెట్టిన క్లిప్పులు అలాగే ఉన్నాయి, తుప్పు పడుతున్నాయి. ఆమె వస్తుందేమోనని ఎండెక్కేదాకా పిట్టగోడ దగ్గరే కూర్చున్నాను. రాలేదు.

నిన్న ఇంకా కూర్చోలేక, కాజాకి గుడ్డ కట్టి ఎత్తుకుని కిందికి దిగాను. గుమ్మం ముందు లారీ ఆగి ఉంది. ఆమె భర్తకి వేరే ఊరు బదిలీ అయిందట. ఆయనే అడిగి వేయించుకున్నారట. సామానంతా ఎక్కించేశారు. ఖాళీ గదిలో ఆమె ఒక్కతే నేల మీద కూర్చుని గిన్నెలు పేపర్లో చుడుతోంది. నన్ను చూసి, కూర్చున్నది కూర్చున్నట్టే గోడవైపు తిరిగిపోయింది.

“పాపని పైకి తీసుకెళ్ళండక్కా” అంది.

“ఎందుకు?”

“నేను చూడకూడదు కదా.”

“ఎవరన్నారు?”

“ఎవరో అనక్కర్లేదు. గుడ్డలు తీసేశారు. మా గుమ్మం దగ్గర దాని నోరు మూస్తున్నారు. నేను తప్పు పట్టడం లేదక్కా. నా బిడ్డే ఉండి ఉంటే నేనూ అంతే చేసేదాన్నేమో.”

నీ మనసు కష్టపెట్టకూడదనే తీశాను, ఒట్టు అన్నాను. తలూపింది. నమ్మలేదు నాన్నా. అమ్మ కూడా ఇలాగే తలూపి ఉంటుందని అప్పుడు అనిపించింది. ఇక మాటలు అనవసరమనిపించి, ఆమె ఎదురుగా కూర్చుని కాజాని ఆమె ఒళ్ళో పెట్టి చేతులు తీసేశాను.

పడిపోతుందని పట్టుకుంది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. నీ మనవరాలికి ఇవేం తెలుసు? ఆమె జడ దొరికితే పట్టుకుని లాగుతోంది. కాసేపటికి గుడ్డ తడిసింది. నువ్వు కుట్టినదే, నీళ్ళు ఆగుతాయా అందులో? ఆమె చీరలోకి దిగిపోయింది. అయ్యయ్యో అని నేను పిల్లని తీసుకోబోతే నా చెయ్యి పక్కకి నెట్టేసింది.

“ఉండనీ అక్కా. వెచ్చగా ఉంది” అంది.

అప్పుడు కళ్ళు తెరిచి చూసింది. చాలాసేపు చూసింది. ఏడుస్తూనే చూసింది, నేనూ ఏడ్చాను. తర్వాత పొడిగుడ్డ ఏదని అడిగి తనే మార్చింది. నాడా నాకన్నా పొందిగ్గా ముడేసింది. మూలనున్న ఎర్రదారం వేలితో తడుముతూ “నావి నీలం కదా?” అంది. అవును, మా నాన్న దగ్గరే ఉన్నాయి అన్నాను.

బయట లారీ హారన్ కొడుతున్నారు. ఆమె భర్త లోపలికి వచ్చి, చీర తడిసింది, మార్చుకో, దూరం ప్రయాణం అన్నారు. బట్టల పెట్టె ఒకటి ఇంకా గదిలోనే ఉంది, మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు. వద్దంది. కాజాని నా చేతికిచ్చి ఆ తడి చీరతోనే లారీ ఎక్కింది. ఎక్కాక కూడా ముఖం తిప్పుకోలేదు, మావైపే చూసింది.

ఒక్క నెల ముందు నీకు నిజం రాసి ఉంటే ఆమెకి ఒక నెల మిగిలేది. అది నన్ను వదలడం లేదు.

కింది ఇల్లు తాళం వేసి ఉంది. డాబా మీద ఆమె దండెం వైపు చూడబుద్ధి కాక, ఇవాళ మా గుడ్డలు సగం దాని మీద ఆరేశాను.

నువ్వు రా.

గుండీ

మే 12

అమ్మా గుండీ,

షాపులో చెప్పేశాను, ఆదివారం బయల్దేరుతున్నాను. అల్లుడుగారిని స్టాండులో ఉండమను. చెవులు సరిగ్గా లేవు, కేకలు పెట్టకుండా చెయ్యి ఊపమను.

నువ్వు ఆపెయ్యమన్న రోజున నీలిదారం గుడ్డలు ఆరు తక్కువగా ఉన్నాయి. నిన్నటికి అవీ పూర్తి చేశాను. మడిచి మూట కట్టి మీ అమ్మ బీరువాలో పెట్టాను. ఇంకెవరికీ ఇవ్వను. కాజాకి కూడా ఇవ్వను, దానికి దానివి ఉన్నాయి. ఆ పిల్ల కొత్త అడ్రసు ఎలాగైనా సంపాదించి, అవి తనవేనని, తను అడిగేదాకా ఇక్కడే ఉంటాయని ఒక ముక్క రాయి. ఎప్పుడు కావాలని మాత్రం అడగొద్దు.

నెల పోయిందని కుమిలిపోకు. మీ అమ్మకి మూడేళ్ళు పోయాయి. అప్పుడు ఎవరూ చెయ్యలేనిది నువ్వు ఆలస్యంగానైనా చేశావు.

నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. నువ్వు పుట్టాక నిన్ను ఇంటికి తెచ్చిన రోజు మీ అమ్మ ఒళ్ళో చీర తడిపావు. బాలింతవి, తడిబట్టతో జలుబు చేస్తుంది, మార్చుకో అన్నాను. కదల్లేదు. రెండోసారి కాస్త గట్టిగానే అరిచాను. అయినా నిన్ను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. సాయంత్రానికి ఆ చీర ఆమె ఒంటిమీదే ఆరిపోయింది.

ఇన్నేళ్ళూ దాన్ని మొండితనం అనుకున్నాను.

నాన్న